జ్వరము మెదడున కెక్కినప్పుడు

నాగపూరునకును రాయపూరునకును నడుమ, హౌరానుండి ముంబయికి పోవు రైలుమార్గముమీద భిలాయి పట్టణము కలదు. సోవియట్ దేశముతో 1955 ఫిబ్రవరిలో జరిగిన ఒడంబడిక ననుసరించి ఇచ్చట ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నిర్మాణపు పనులనాటినుండియు శ్రీకాకుళము, విశాఖపట్నము మొదలగు జిల్లాలనుండి పలు తెలుగు కుటుంబములు వచ్చి ఇచ్చట స్థిరపడినవి. వేసవి సెలవులలో వీరు పిల్లలను వెంటబెట్టుకొని టిట్లాగఢ్, రాయగడల మీదుగా స్వగ్రామములకు పోయి, తొలకరి వానలవేళకు తిరిగి వచ్చుచుందురు.

పిల్లలకు జ్వరములు ముసురుకొను కాలమును అదియే. ఈ జ్వరములలో చాలభాగము మూడు నాలుగు దినములలో తగ్గిపోవును. కొన్ని మాత్రము మెదడు నంటును. సామాన్య జ్వరమును దినములతో లెక్కింపవచ్చును; మెదడు నంటిన జ్వరమును గంటలతోనే లెక్కింపవలెను. ఈ భేదమును తల్లిదండ్రులు ముందుగా తెలిసికొనియుండుట అవసరము. వైరస్ వ్యాధులు మెదడును, నాడీమండలమును ఏవిధముగా పాడుచేయునో, వానిని ఎట్లు గుర్తింపవలెనో, ఎట్లు నివారింపవలెనో ఇందు వివరింపబడినది.

వైరస్ అనగా నేమి?

వైరస్ బాక్టీరియాకంటె మిక్కిలి చిన్నది. సామాన్యమైన సూక్ష్మదర్శినిలో సాధారణముగా కానరాదు. తనంతట తాను పెరుగజాలదు. జీవకణములో ప్రవేశించి, ఆ కణముచేతనే తనవంటి వైరస్‌లను వేలకొలదిగా తయారుచేయించుకొనును. ఆ పనిలో కణము తరచుగా నశించును. చర్మములోని కణము నశించినచో దాని స్థానమున మరియొకటి పుట్టును. మెదడులోని నాడీకణము నశించినచో దాని స్థానమున క్రొత్తది పుట్టుట దాదాపు లేదనియే చెప్పవలెను. కాబట్టియే శరీరములో మరెచ్చటనైన సులభముగా మానిపోవు నష్టము మెదడునందు శాశ్వతముగా నిలిచిపోవుచున్నది.

మెదడు, వెన్నుపాము, వానినుండి దేహమంతట వ్యాపించిన నాడులు – ఈ మూడును కలిసి నాడీమండల మగుచున్నవి. కర్మాగారములో కంట్రోలు గదియు, దానినుండి యంత్రములకు పోవు కేబుళ్ళును ఎట్టివో, దేహములో ఇవి అట్టివి. యంత్రము చెడినచో ఆ యంత్రమొక్కటియే ఆగును. కంట్రోలు గది చెడినచో మంచి యంత్రములు సైతము ఆగిపోవును. ఊపిరితిత్తులు బాగుగనే యున్నను, మెదడు ఆజ్ఞ యీయనిచో ఊపిరి నిలిచిపోవును.

మెదడును చేరు దారులు

ప్రకృతి మెదడునకు గట్టి రక్షణ కల్పించినది. వెలుపల పుర్రె, దానిలోపల మూడు పొరలు, ఆ పొరలనడుమ నీరు కలవు. ఇవిగాక, మెదడులోని సన్నని రక్తనాళముల గోడలు రక్తములోని ప్రతి పదార్థమును లోనికి పోనీయవు. అవసరమైన వానినే ఏరి పంపును. ఇంత కాపలా యున్నను కొన్ని వైరస్‌లు నాలుగు విధములుగా హాని చేయగలుగుచున్నవి.

మొదటిది రక్తమార్గము. దోమకాటువలన దేహములో ప్రవేశించిన వైరస్ రక్తములో వృద్ధిచెంది, నాళముల గోడలను దాటి మెదడులో ప్రవేశించును. మెదడువాపు జ్వరము ఇట్టిది.

రెండవది నాడీమార్గము. రేబీస్ వైరస్ కుక్కకాటు గాయమునుండి నాడినిపట్టి మెల్లగా మెదడువరకు ప్రాకిపోవును.

మూడవది దేహముయొక్క స్వరక్షణశక్తి దారితప్పుట. వైరస్‌ను చంపుటకై బయలుదేరిన ఆ శక్తి ఒక్కొక్కప్పుడు పొరపాటున నాడులమీది పొరనే కొట్టివేయును. జ్వరము తగ్గిన కొన్ని దినములకో వారములకో కాళ్ళు చచ్చుబడుటకు ఇది యొక కారణము.

నాలుగవది పరోక్షమైనది. వైరస్ మెదడును తాకకున్నను, కాలేయము చెడుట, రక్తములో ఉప్పు తగ్గుట, రక్తస్రావము, రక్తపుపోటు పడిపోవుట మొదలగు వానివలన మెదడు పని తప్పును. డెంగీలో తెలివి తప్పుటకు తరచుగా ఇవియే కారణములు.

చండీపుర వైరస్

1965లో నాగపూరు ప్రాంతమున డెంగీ, చికున్‌గున్యా జ్వరములు ప్రబలినప్పుడు పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు ఇద్దరు జ్వరరోగుల రక్తమునుండి ఒక క్రొత్త వైరస్‌ను వేరుచేసిరి. ఆ ప్రాంతపు గ్రామము పేరిట దానికి చండీపుర వైరస్ అని పేరు పెట్టిరి. నాగపూరు భిలాయికి మూడువందల కిలోమీటర్లలోపుననే యున్నది. 1980లో అప్పటి మధ్యప్రదేశ్ రాష్ట్రమున మెదడు వ్యాధితో బాధపడిన రోగి రక్తమునందును ఇది కనబడినది. అయినను చాలకాలము దీనిని సామాన్య జ్వరకారకముగనే ఎంచిరి.

2003 వేసవి చివర ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యముగా కరీంనగరు, వరంగల్లు మొదలగు ఉత్తర తెలంగాణ జిల్లాలలో, పిల్లలకు తీవ్రమైన మెదడు జ్వరము ప్రబలినది. 329 మంది పిల్లలు వ్యాధిపాలైరి. వారిలో 183 మంది, అనగా నూటికి 55 మందికి పైగా, మరణించిరి. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారు పరీక్షించి, చండీపుర వైరస్‌యే ప్రధాన కారణమని నిర్ణయించిరి. పిల్లలకు హఠాత్తుగా తీవ్రజ్వరము వచ్చినది. వెంటనే వాంతులు, మూర్ఛలు, స్మృతి తప్పుట కలిగినవి. చాలమంది ఆసుపత్రిలో చేరిన 48 గంటలలోపల, కొందరు కొద్ది గంటలలోనే కన్నుమూసిరి. పూట క్రితము ఆడుకొనుచుండిన బిడ్డ మరునాటికి లేకుండుట ఆ వ్యాధి తీరు. 2024 జూన్ మొదలు ఆగస్టు 15 వరకు దేశములో 245 మందికి మెదడు జ్వరము వచ్చినట్లును, వారిలో 82 మంది మరణించినట్లును ప్రభుత్వము తెలిపినది. ఆ కేసులలో అధికభాగము గుజరాతులోనివి. వానిలో 64 చండీపుర వైరస్‌వలన కలిగినవని పరీక్షలలో తేలినది.

ఈ వైరస్‌ను ముఖ్యముగా ఇసుక ఈగలు వ్యాపింపజేయును. ఇవి దోమలో నాలుగవవంతు మాత్రమే యుండును. దూరము ఎగురజాలక గంతులు వేయుచున్నట్లు కదలును. మట్టిగోడల పగుళ్ళలో, పశువులశాలలలోని తేమనేలలో, చెత్తకుప్పలలో పెరుగును. సందె చీకటిలోను, రాత్రియందును కుట్టును. ఈ వైరస్‌నకు టీకాగాని, ప్రత్యేకమైన మందుగాని ఇంతవరకు లేదు. రోగిని సకాలమున ఆసుపత్రికి చేర్చి ప్రాణము నిలుపుటయే చికిత్స.

మెదడువాపు జ్వరము

జపాను దేశమున మొదట గుర్తింపబడుటచే దీనికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని పేరు. మన దేశములో 1955లో అప్పటి మద్రాసు రాష్ట్రములోని వెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధి మొదట గుర్తింపబడినది. 2005లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలలో 5,737 మందికి సోకి, 1,344 మంది ప్రాణములను హరించినది.

ఈ వైరస్ సహజముగా కొంగలు మొదలగు నీటిపక్షులలోను, పందులలోను నివసించును. వరిమళ్ళలోని నిలువనీటిలో పెరుగు క్యూలెక్స్ జాతి దోమలు ఆ జంతువులను కుట్టి, పిదప మనుష్యులను కుట్టుటవలన వ్యాధి సోకును. మనిషినుండి మనిషికి ఇది అంటదు. కాబట్టి రోగియున్న ఇంటివారిని దూరముగా నుంచుట తగదు. సోకినవారిలో చాలమందికి ఏ లక్షణములును కలుగవు. సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే వ్యాధి తీవ్రరూపము దాల్చును. అట్టివారిలో నూటికి 30 మందివరకు మరణింపవచ్చును. బ్రతికినవారిలో పలువురకు కాలుసేతుల బలహీనత, మూర్ఛలు, మాటయు బుద్ధియు మందగించుట మిగిలిపోవును.

ఛత్తీస్‌గఢ్ వరిపంటకు ప్రసిద్ధమైన రాష్ట్రము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలును అట్టివే. కావున వానకాలమున పల్లెలకు పోవువారు దీనిని మరువరాదు. ఈ వ్యాధికి టీకా కలదు. వ్యాధి తరచుగా కనబడు జిల్లాలలో 9 నెలలు నిండినపిమ్మట ఒకసారియు, 16 మొదలు 24 నెలల నడుమ మరియొకసారియు ఉచితముగా వేయుదురు.

కుక్కకాటు

రేబీస్ వైరస్‌యు చండీపుర వైరస్‌యు ఒకే కుటుంబమునకు చెందినవి. రెండును తుపాకిగుండు ఆకారముననే యుండును. వ్యాధి నడకలో మాత్రము చాల భేదము కలదు. చండీపుర జ్వరము గంటలలో ముంచివేయును. రేబీస్ సాధారణముగా రెండు మూడు నెలల వ్యవధి యిచ్చును. ఆ వ్యవధిలో టీకా పూర్తియైనచో వ్యాధి రాదు. నీటిని చూచి బెదరుట, గాలి సోకినంతనే గొంతు బిగుసుకొనుట మొదలగు లక్షణములు బయలుదేరినపిమ్మట మరణము దాదాపు తప్పదు.

కుక్క, పిల్లి, కోతి కరచినను, గీరినను, గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిముషములు కడుగవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. గాయము లోతైనచో గాయముచుట్టు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ ఇయ్యవలసియుండును. పూర్వము గొర్రెమెదడునుండి తయారుచేసిన మందును బొడ్డుచుట్టు 14 సూదులుగా పొడుచుచుండిరి. ఆ భయముచే నేటికిని కొందరు ఆసుపత్రికి పోరు. ఆ మందు మన దేశములో 2005 నాటికే నిలిపివేయబడినది. ఇప్పటి టీకాను భుజమునకు వేయుదురు. చర్మములోనికి ఇచ్చు పద్ధతిలో, మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28వ దినములందు నాలుగు పర్యాయములు మాత్రమే రావలసియుండును.

డెంగీ

2018 జులై, ఆగస్టు నెలలలో భిలాయి, దుర్గ్ నగరములలో డెంగీ తీవ్రముగా ప్రబలి, పిల్లలు సహా పలువురు మరణించిరి. డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ దోమ మురుగునీటిలో కాక ఇంటిలోని మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును, పగటివేళ కుట్టును. వేసవిలో నలువది డిగ్రీలు దాటు ఎండలకై ఇంటింట అమర్చుకొను కూలరు, వానలు పడినపిమ్మట అడుగున నీటితోనే మూలబడియుండును. ఆ నీరే దోమకు పుట్టినిల్లు. డెంగీలో జ్వరము తగ్గిన దినమే అపాయము తొంగిచూచును. మూడవ దినము మొదలు ఏడవ దినమువరకు కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, మత్తు, కలవరము కనబడినచో జ్వరము లేదని నమ్మి ఇంటనుండరాదు.

అపాయచిహ్నములు

వైరస్ ఏదైనను మెదడు చెడుచున్నదని తెలుపు గుర్తులు ఇంచుమించుగా ఒకటియే. జ్వరముతోకూడ బిడ్డ పిలిచినను సరిగా పలుకకుండుట, పొంతనలేని మాటలాడుట, తల్లిని గుర్తింపకుండుట, లేపినను మరల మత్తులో పడిపోవుట, మూర్ఛ, అనగా వాడుకలో ఫిట్సు వచ్చుట, తీవ్రమైన తలనొప్పితో మాటిమాటికి వాంతులగుట, మెడ బిగుసుకొని గడ్డము రొమ్మునకు ఆనకుండుట, కాలో చేయో హఠాత్తుగా చచ్చుబడుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. పసిబిడ్డ పాలు త్రాగుట మానుట, వింతగా కీచుగొంతుతో ఏడ్చుట, నడినెత్తి ఉబ్బుట కూడ ఇట్టి గుర్తులే. రాత్రియైనను తెల్లవారువరకు ఆగరాదు. 108 సంఖ్యకు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును.

ఆసుపత్రి చేరువరకు

బిడ్డను ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. అట్లు చేసినచో వాంతి, చొంగ ఊపిరిగొట్టములోనికి పోవు. మెడవద్ద బట్టలు వదులు చేయవలెను. ఒంటిని గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో తుడువవచ్చును. మూర్ఛ ఎన్ని గంటలకు మొదలైనదో, ఎంతసేపున్నదో గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను.

తెలివిలేని బిడ్డ నోట నీళ్ళుగాని, మందుగాని పోయరాదు. పండ్లనడుమ చెంచా దూర్చరాదు. చేతిలో తాళపుచెవులు, ఇనుపముక్కలు పెట్టుటవలన మూర్ఛ తగ్గదు. ఒంటిమీద వాతలు పెట్టుట రోగమునకు తోడు పుండును తెచ్చిపెట్టుటయే. గాలి సోకినదని మంత్రగానికొరకు మనిషిని పంపి ఎదురుచూచు రెండు గంటలే ఒక్కొక్కప్పుడు బిడ్డ ప్రాణపు వెల యగుచున్నవి. దిష్టి తీయదలచినవారు బిడ్డ ఆసుపత్రిలో చేరినపిమ్మట తీసికొనవచ్చును. పిల్లలకు జ్వరములో ఆస్పిరిన్ ఈయరాదు.

ఆసుపత్రిలో జరుగునది

భిలాయి నగరములో సెక్టరు 9నందు జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు. రాయపూరులో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. ఇట్టి చోట్ల మొట్టమొదట ఊపిరి, రక్తప్రసారము సరిచూచి, మూర్ఛను ఆపి, రక్తములోని చక్కెరను పరీక్షింతురు. మెదడువాపును తగ్గించు మందు లిత్తురు. అవసరమైనచో యంత్రముతో ఊపిరి నిలుపుదురు.

పిదప కారణమును వెదకుదురు. బస్తరు అడవులనుండిగాని, విశాఖ మన్యమునుండిగాని వచ్చినవారైనచో ఆ సంగతి తప్పక చెప్పవలెను; ఏలయన, మలేరియా కూడ మెదడున కెక్కి ఇవే గుర్తులను చూపును. అది వైరస్ కాదు; దానికి మందు కలదు. హెర్పిస్ వైరస్‌వలన వచ్చు మెదడువాపునకు అసైక్లోవిర్ అను మందు పనిచేయును. బాక్టీరియావలన మెదడు పొరలు వాచినచో దానికిని మందు లున్నవి. ఇవన్నియు త్వరగా మొదలిడిననే ఫలించును.

ఈ భేదములు తెలియుటకు నడుమువద్ద వెన్నెముక సందునుండి సూదితో కొంచెము నీరు తీయుదురు. ఈ పరీక్షవలన కాళ్ళు పడిపోవునని కొందరు తల్లిదండ్రులు భయపడి ఒప్పుకొనరు. వెన్నుపాము సూది గ్రుచ్చు చోటునకు పైననే ముగిసిపోవును. అచ్చట నీరును, సన్నని నాడులును మాత్రమే యుండును. మెదడులో ఒత్తిడి హెచ్చుగా నున్నట్లు తోచినచో వైద్యులే ఆ పరీక్షను వాయిదా వేయుదురు.

కోలుకొన్న తరువాత

ఆసుపత్రినుండి వచ్చినంతనే వ్యాధి ముగిసినదని తలపరాదు. బిడ్డ నడక, మాట, చూపు, వినికిడి, జ్ఞాపకశక్తి మెల్లమెల్లగా నెలలపర్యంతము బాగుపడవచ్చును. మూర్ఛకు ఇచ్చిన మాత్రలను వైద్యుడు చెప్పకుండ మానరాదు. వ్యాయామచికిత్సను ఆలస్యము చేయక ఆరంభింపవలెను. కదలని అవయవము బిగుసుకొనిపోవును. పాఠములలో వెనుకబడిన బిడ్డను సోమరియని దండింపక, ఉపాధ్యాయునకు వ్యాధిసంగతి తెలుపవలెను. శాశ్వతమైన లోపము మిగిలినచో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టముక్రింద ధ్రువపత్రము పొంది, తగిన సహాయమును కోరవచ్చును.

నివారణ

కూలరును, నీటితొట్టిని వారమున కొకసారి ఎండగట్టి, లోపలి గోడలను బాగుగా తోమవలెను. ఈడిస్ దోమ గ్రుడ్లు ఆ గోడలనే అంటియుండును. నీటిటాంకికి మూత యుండవలెను. పాత టైర్లలో, పూలకుండీల పళ్ళెములలో నీరు నిలువనీయరాదు. మట్టిగోడల పగుళ్ళను పూడ్చి, పేడకుప్పలను ఇంటికి దూరముగా నుంచవలెను. ఇసుక ఈగ సామాన్యపు దోమతెర కన్నములలో దూరిపోవును గనుక మందు పట్టించిన తెరను వాడవలెను. పల్లెకు పోయినప్పుడు పిల్లలను నేలమీద కాక మంచముమీద పరుండబెట్టి, సందెవేళకే ఒడలు నిండ బట్టలు తొడుగవలెను. తట్టు టీకా మొదలుకొని వయసుప్రకారము వేయవలసిన టీకాలను వదలరాదు. తట్టు వైరస్ సైతము కొందరిలో కొన్ని సంవత్సరముల తరువాత మెదడును నశింపజేయును.

ఈ ప్రయత్నములు ఫలించునా అను సందేహమునకు పోలియో చరిత్రయే సమాధానము. వెన్నుపాములోని నాడీకణములను చంపి, పసిపిల్లల కాళ్ళను చచ్చుబరచిన వైరస్ అది. ఒకప్పుడు ప్రతి ఊర దాని గుర్తులు కనబడుచుండెడివి. చచ్చుబడిన కాలిని బాగుచేయు మందు నేటికిని లేదు. అయినను ఇంటింటికి తిరిగి చుక్కలు వేసిన కార్యకర్తలవలనను, బిడ్డలను తీసికొనివచ్చిన తల్లులవలనను, 2011 జనవరి 13వ తేదీన పశ్చిమబెంగాలులోని హౌరా జిల్లాలో బయటపడిన కేసు తరువాత సహజ పోలియో వైరస్‌వలన మన దేశములో ఒక్క బిడ్డయు కుంటిది కాలేదు. 2014 మార్చి 27వ తేదీన భారతదేశము పోలియోరహితమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించినది. మందులేని వ్యాధిని సైతము ముందుజాగ్రత్త జయింపగలదని దీనివలన తెలియుచున్నది. టీకా యున్నచోట టీకాయు, టీకా లేనిచోట దోమతెరయు, రెండును తప్పినచోట ఆలస్యము చేయక ఆసుపత్రికి వేయు అడుగును బిడ్డల మెదడును కాపాడును.